ఒక బంతి తక్కువ

తెల్లారకుండానే లేచి
స్పాంజీ ముక్కలతో గ్రౌండు తుడిచాం,
నేనూ, వంట చేసే ఒగావా గారూ.
రాత్రి వాన గుంటల్లో వదిలిపోయిన ఆకాశాన్ని
బకెట్లోకి పిండి పిండి పోశాం.
తర్వాత సున్నంతో గీతలు.
నా గీత ఎప్పుడూ కుడివైపుకే వంకర.
పోయినేడూ అంతే.

బడిలో పిల్లలు పదకొండు మంది.
జనం మాత్రం నూట నలభై, అంటే మా దీవి మొత్తం.
పోస్టాఫీసుకి తాళం. ఐసు ఫ్యాక్టరీకి తాళం.
లాంచీ టిక్కెట్ల కిటికీలో అట్టముక్క:
"పిల్లల ఆటల దగ్గరున్నాను. పనుంటే అక్కడికే రండి."

మొదట పరుగు.
తొమోయె అందరికన్నా ముందొచ్చి
గీత దగ్గర ఆగి, వంగి,
చీమకి దారిచ్చింది.
ముగ్గురు దాటిపోయారు.
వాళ్ళమ్మ నోరు తెరిచి, మూసి,
చివరికి చప్పట్లు కొట్టింది,
చీమకో, కూతురికో.

తర్వాత ఒకే లాగులో ఇద్దరు.
ఒక కాలిగొట్టంలో అమ్మ, రెండోదాంట్లో బిడ్డ.
రోజూ సైకిలు మీద దీవి చుట్టి ఉత్తరాలు పంచే మురాయి గారు
మూడో అడుగుకే బోర్లా పడింది.
పైన నాగిసా.
ఏ కాలు ఎవరిదో తేలక
నవ్వి నవ్వి లేవలేకపోయారు.
వాళ్ళని లాగుతోనే చాప చుట్టినట్టు చుట్టి
పక్కకి దొర్లించాం.

మధ్యాహ్నం గద్ద వచ్చింది.
మైకులో "గద్దలున్నాయి, అన్నం జాగ్రత్త" అని
చెబుతూ చెబుతూనే
కుబోతా కెప్టెను చేతిలో ముద్ద తన్నుకుపోయింది.
నలభై ఏళ్ళు లాంచీ నడిపిన మనిషి,
ఉత్త చెయ్యి చూసుకుంటూ నిలబడ్డాడు.
పిల్లలకి ఆ రోజంతటికీ అదే పెద్ద ఆట.

ఆఖరుది బుట్ట.
పెద్దవాళ్ళు వీపున బుట్ట కట్టుకుని ఉరకాలి,
పిల్లలు తరుముతూ బంతులు వెయ్యాలి.
ఎర్రబుట్ట మురాయి గారికి.
తెల్లబుట్ట త్సురుమికి.
పది నెలలు చేపల ఓడలో తిరిగి
ఒడ్డెక్కి ఎనిమిది రోజులైంది అతనికి.
ఆ ఎనిమిది రోజులూ ఇత్సుకి
తండ్రి ఉన్న గదిలో అడుగు పెట్టలేదని
నాయనమ్మ నాతో చెప్పింది,
అతను వినేలాగే.

ఇత్సుకిది ఎర్రటోపీ.
టోపీ రబ్బరు నములుతూ
పొద్దుటినుంచీ ఏ ఆటా ఆడలేదు.
ఈల వేశాను.
పది మందీ ఈగల్లా ముసిరారు.
వీడు మాత్రం గుప్పిట్లో ఒక్క ఎర్రబంతితో
తెల్లబుట్ట వెనక పడ్డాడు.
"అటు కాదు, అటు కాదు!" అని సగం దీవి అరిచింది.

త్సురుమి వెనక్కి తిరగలేదు.
కాస్త నెమ్మదించాడు.
బూటు లేసు కట్టుకోవాలన్నట్టు కూర్చున్నాడు.
వేసుకున్నవేమో
లేసుల్లేని రబ్బరు బూట్లు.

బంతి పడింది.

లెక్క కెప్టెనుదే.
ధాన్యం కొలిచేవాడు మొదటి కుంచాన్ని "లాభం" అన్నట్టు
ఆ గొంతులో ఒకటి కూడా పండగే.
ఒక్కో బంతీ పైకెగరేస్తుంటే
జనమంతా కలిసి లెక్క.
తెల్లవి ఇరవై మూడు. ఎర్రవి ఇరవై రెండు.
తెల్లబుట్ట అడుగున ఒక ఎర్రది.
"చెల్లదు," అన్నాడు కెప్టెను.
గద్ద మీద కోపం ఇంకా చల్లారినట్టు లేదు.
ఎర్రటోపీలన్నీ ఇత్సుకి మీద పడి ఏడ్చాయి.
వాడు రబ్బరు నములుతున్నాడు.

సాయంత్రం టార్పాలిన్లు మడిచి
స్టోరు గదిలో బంతులు లెక్కపెట్టాను.
తెల్లవి సరిపోయాయి.
ఎర్రవి ఇరవై తొమ్మిది.
మళ్ళీ ఎంచాను. ఇరవై తొమ్మిదే.

కిటికీలోంచి రేవు దారి కనిపిస్తుంది.
త్సురుమి పోతున్నాడు,
మూడడుగులు వెనకగా ఇత్సుకి,
పక్కన కాదు, వెనకే.
తండ్రి జేబు ఒకవైపు ఉబ్బి ఉంది.
నడక మధ్యలో వాడు చెయ్యి చాపి
ఆ ఉబ్బుని ఒకసారి తాకి చూసుకున్నాడు.

రిజిస్టరులో ముప్పై అని వేశాను.
గీతలెప్పుడూ వంకరే నాకు.
ఆ సున్నా మాత్రం
గుండ్రంగా వచ్చింది.