కుంగుడు లెక్క

పేరేమో బక్కయ్య.
షట్టరు కింద తల వంచి లోపలికొచ్చిండు,
వచ్చి నిలవడంగనే దుకాణంల సగం వెలుతురు పోయింది.
సెకండ్‌హ్యాండు డర్ట్ బైకును ఆటో ట్రాలీల ఏసుకొచ్చిండు.
నడుపుకుంట రాలే, నడపరాదు.
నలభై ఒక్కటేండ్లు.

ఎక్కి కూసోమన్న.
వెనక టైరు మడ్‌గార్డుకు తాకింది,
ముందర మూతి ఆకాశం చూసింది
కుంటల కూసున్న బర్రె లెక్క.
సత్తారుగాడు నవ్వబోయి, నా మొహం చూసి
పానల డబ్బా సదురుడు వెట్టిండు.

బరువెంతన్నా అని అడిగిన.
"ఉంటది" అన్నడు.
ఉంటది అంటె స్ప్రింగుకు అర్థం గాదు,
దానికి అంకె గావాలె.
బూట్లు, హెల్మెటు, మోకాళ్ల చిప్పలు, నీళ్ల సీసా,
అన్నీ ఏసుకున్నంక ఎంతనో అంత.

కొండమల్లేపల్లి తొవ్వల పత్తి కాంటాకు పోయినం.
ఇటొక బోరెం, అటొక బోరెం, నడుమ బక్కయ్య.
నూట ఇరవై ఆరు.
గుమస్తా చిట్టీ మీంచి తలెత్తకుంటనే
"తేమకెంత తియ్యాలె?" అన్నడు.
"చెమట వట్టింది, రెండు కిలోలు తియ్యి."
ఆయన నవ్వుడు అప్పుడే చూసిన.

లెక్క సిన్నదే.
బండిని స్టాండు మీద నిలవెట్టి
ఇరుసు కాడికెల్లి మడ్‌గార్డు మీది సుద్దగీత దాక ఒకసారి,
మనిషి ఎక్కినంక ఒకసారి టేపు వట్టాలె.
రెండిటి నడుమ వంద మిల్లీమీటర్లు కుంగాలె.
ఈయనకు నూట నలభై ఎనిమిది.
రింగు బిగించుకుంట పోతె అంకె దగ్గరికొస్తది గని
అది కడుపు లోపలికి గుంజుకొని ఫొటో దిగినట్టు,
ఊపిరి ఇడిస్తె మళ్ల మామూలే.
స్ప్రింగే మార్వాలె.

"నాదే తప్పు. జర తగ్గి వస్త తియ్యి" అన్నడు.
నీ తప్పేందన్నా,
ఏ దేశంల్నో డెబ్బై కిలోల పోరన్ని కూసవెట్టి చేసిన్రు దీన్ని.
ఆ పోరడు రాలే. నువ్వొచ్చినవ్.

గట్టి స్ప్రింగు పట్నంకెల్లి కార్గో బస్సుల వచ్చింది,
కోడిపిల్లల దాణా సంచుల నడుమ.
ముందర ఫోర్కులల్ల గూడ మార్చిన,
అణిగినది ఎగిరి తన్నకుంట
నాలుగు టిక్కులు నెమ్మది చేసిన.
నిలవడితె నడుము వంగొద్దని హ్యాండిలు రెండించులు లేపిన,
పెగ్గులు కిందికి దించిన.
ముందర పండ్ల చక్రం ఒక్క పన్ను తక్కువది ఏసిన,
కొత్తచెయ్యి తడబడ్డా ఇంజన్ జర ఓర్సుకుంటది.

నేను పాన తిప్పుతుంటె
చక్రం దిక్కు చూసుకుంట చెప్పిండు:
చిన్నప్పుడు కిరాయి సైకిలు తెస్తె
"నువ్వెక్కితె రిమ్ము వంగుతది" అన్నరట.
ఎండకాలమంత సీటు వట్టుకొని వెనకాల ఉరికిండట.
మా వాడల అందరికీ సైకిలు నేర్పింది నేనే అన్నడు.

నేనేం అనలే.
చైను లూజు చూసిన,
ఆయన్ని కూసవెట్టే చూసిన.

ఐతారం పొద్దుగాల, దేవరకొండ ఖిల్లా గుట్టెనక
మొరం తవ్విన గుంతల కాడికి పోయినం.
ఆరుసార్లు బంద్ వడ్డది.
ఏడోసారి పోయింది,
పోయి సీతాఫలం పొదల వడ్డది.
ముందుగాల బండిని లేపిండు,
ఎన్కసీరె మోచెయ్యి చూసుకున్నడు.

కూసోకన్నా, నిలవడు.
బరువు సీటు మీద వెట్టకు, పాదాలల్ల వెట్టు.

నిలవడ్డడు.
కింద రాళ్ల మీద బండి దాని పని అది చేసుకుంటున్నది,
పైన మనిషి మాత్రం
ట్రాలీల నిలవడి పత్తి తొక్కెటోని లెక్క, నింపాదిగ.
సత్తారుగాడు వెనకాల ఉరుకుతున్నడు,
పట్టుకోనీకె గాదు, ఉత్తగనే.

పాత స్ప్రింగు దుకాణంల మొలకు తగిలేసిన.
డెబ్బై కిలోలాయన వస్తె ఇస్త.