రెండు పాయింట్లు పెంచు

పత్తికొండ టమాటా మార్కెట్ వెనక మైదానం.
పద్నాలుగేండ్లుగా ఆయన మీటింగంటే మైకు నాదే,
పక్కీరప్ప సౌండ్స్.

మొదట్లో నాలుగు బాక్సులు చాలేవి.
ముందు వరసోళ్లు విన్నది వెనక వరసకు అందించేవాళ్లు.
"ఏమన్యాడు?"
"చెరువుకు నీళ్లు తెస్తాడంట."
ఆ మాట దేవనకొండ దాకా పోయేది, కరెంటు లేకుండానే.

ఇప్పుడు పద్దెనిమిది బాక్సులు.
అయినా స్టేజీ మీంచి నా దిక్కు చూసి
వేలు పైకి లేపుతాడు.
పెంచు.

తొలకరి పడి మూడు రోజులు.
సగం జనం జొన్నగిరి చేలల్లో
వజ్రం దొరుకుతుందేమోనని తల వంచుకొని తిరుగుతా ఉన్నారు.
"రానోళ్ల పేర్లు రాసుకోండ్రా" అంటాడు మైకులోనే.
రాసుకునేటోళ్లూ తక్కువే.

మీకు తెలీదు గానీ ఇది మా పనిలో లెక్క:
మనిషి శబ్దాన్ని తాగుతాడు.
తలగుడ్డ తాగుతుంది, నూలు చీర తాగుతుంది,
చంకలో నిద్రపోయే బిడ్డ కూడా కొంచెం తాగుతుంది.
ప్లాస్టిక్ కుర్చీ తాగదు.
వచ్చింది వచ్చినట్టే తిప్పికొడుతుంది.

"తోలు తీస్తా" అన్నాడు.
గోడౌను గోడ నుంచి
"...స్తా" అని వచ్చింది.
ఎవడ్రా అది అన్నట్టు అటు చూశాడు.
"నాలుకలు కోస్తా!"
"...స్తా."
చెమట తుడుచుకున్నాడు.
ఎవడో ఎదురు మాట్లాడుతున్నాడని ఆయన లెక్క.
రెండు పాయింట్లు పెంచు అని మళ్లీ వేలు.

నేను తగ్గించినా.
ఇంతవరకు ఎవురికీ చెప్పలేదు ఈ సంగతి.

మద్దికెరలో ఒకసారి జనరేటర్ చచ్చిపోయింది.
అప్పుడాయన గెలవలేదింకా.
మైకు పక్కన పెట్టి, మెట్టు దిగి,
"శెనక్కాయ ఎంత పలికింది ఈ తూరి?" అని
ఒక ముసలాయన్ని అడిగినాడు.
వినపడక జనం ముందుకు జరిగినారు.
జరిగి జరిగి
ఆయన చొక్కా పట్టుకునేంత దగ్గరికి వచ్చినారు.
ఆ రోజు నాకు పని లేదు.
ఒక మూల కూర్చొని బీడీ తాగినా.

మీటింగు అయిపోయింది. కార్లు పోయినాయి.
పోయిన రెండు మీటింగుల బాకీతో పాటు
ఇదీ రాసుకోమన్నాడు మండలం లీడరు.
మాబు వైర్లు చుడుతున్నాడు.
లారీ కింద పడి చితికిన టమాటాల వాసన.

మజ్జిగ ప్యాకెట్ కోసం ఆగిపోయిన సుంకులమ్మ
కుర్చీ మీంచి లేవలేదింకా.
"అప్పా, ఆయప్పకు కోపం
ఎవురి మింద?" అనింది.

నేను చూసినా.
ఆమె చుట్టూ రెండొందల కుర్చీలు.
మైకు ఆపడం మరిచిపోయినా గావాల,
ఆమె అడిగింది
పద్దెనిమిది బాక్సుల్లోనూ వినపడింది.