వరస

విడవలూరు సెంటర్లో నా షెడ్డు.
లేతు ఒక్కటే. కోయంబత్తూరు సెకండ్‌హ్యాండ్‌ది,
నా పెళ్లికన్నా ఏడాది పెద్దది.
పొద్దున ఆరింటికి షట్టరెత్తేసరికే
గడప ముందు ఇనుము వచ్చి కూర్చోనుంటుంది:
రొయ్యల గుంటల ఏరియేటర్ షాఫ్టు,
మోటారు పుల్లీ,
గోతం గుడ్డలో చుట్టిన బుష్షు.
వాటి వెనక మనుషులు.

"నేను ముందొచ్చినా" అంటాడొకడు.
"వరసకి నీకు మేనమామనయ్యా" అంటాడింకొకడు.
మూడోవాడు ఏమీ అనడు, పొయ్యి టీ చెప్పొస్తాడు.

కాలేషా భాయ్ నాకు మొదట
టూలు పట్టడం నేర్పలేదు, సుద్దముక్క ఇచ్చినాడు.
షాఫ్టుకి నూటిరవై నిమిషాలు,
పుల్లీకి ముప్పై, బుష్షుకి పది.
"పెద్దది ముందు పెట్టు.
ఎవురెంతసేపు కూర్చున్నారో కూడు."
నాలుగొందల ముప్పై.
"తిరగెయ్యి."
రెండొందల పది.
"మిషనెంతసేపు తిరిగింది?"
రెండుసార్లూ నూట అరవయ్యే.
భాయ్ బీడీ నలిపేసి అన్నాడు,
"ఇనుముకేం తెలీదురా అబ్బయా.
మనం తరిగేది మనుషుల కూర్చోడాన్ని."

అప్పట్నుంచీ చిన్నది ముందు.
ఇత్తడి పనులన్నీ ఒక పూటకి దాస్తా,
రెండు పొట్లూ కలిస్తే పాత సామాన్లవాడు
ఇనుము రేటే కడతాడు.
చక్కు మార్చే ఇరవై నిమిషాలు
ఎవురి ఖాతాలోనూ పడవు, నా నడుములో పడతాయి.

జూన్‌లో, వేట నిషేధం ఎత్తేసిన మర్నాడు,
ఊటుకూరు పల్లెపాళెం కొమారి పోలయ్య
పడవ షాఫ్టు భుజానేసుకొచ్చినాడు.
అయిదు గంటల పని.
పలక మీద అడుగున రాసినా.
పైన బుష్షులు వస్తానే ఉన్నాయి,
పిన్నులు, కాలర్లు, బేరింగు సీట్లు,
పావుగంట, పది నిమిషాలు, పావుగంట.
నాలుగో రోజుకీ పోలయ్య అడుగునే.
షెడ్డు నీడ ఎటు జరిగితే అటు జరిగి కూర్చుంటాడు.
అయిదో రోజు సాయంత్రం మెల్లిగా అన్నాడు,
"అల ఆగినాక సముద్రంలో తానం చేస్తానంటే
ఒంటికి నీళ్లు తగిలేదెప్పుడయ్యా?"

నిజమే గదా.
భాయ్ లెక్కలో మూడే పనులు.
అది తలుపేసుకుని వేసిన లెక్క.
నా షెడ్డుకి తలుపు పడదు.

ఆ రాత్రి పోలయ్య షాఫ్టు చక్కులో బిగించినా.
సగం దిగింది, ఒంటిగంట దాటింది,
గుంటల శ్రీహరి బండి దిగకముందే అరిచినాడు,
"రొయ్య పైకి తేలతా ఉందన్నా!
ఏరియేటర్ విరిగింది, తెల్లారేదాకా ఆగదు."
అతని పని నలభై నిమిషాలు.
చక్కులోది దించితే
మళ్లీ సెంటరు కుదరడానికి ముప్పావు గంట.
లెక్క నాకొచ్చు. నోరు రాలేదు.
అయిదు రోజులు కూర్చున్న మనిషికి
ఇంకొక్క గంట కూర్చోమని ఎట్టా చెప్పేది?

పోలయ్యే లేచి చక్కు తాళం నా చేతిలో పెట్టినాడు.
"దించు. వాటికి ఊపిరాడలేదంట.
నాకు ఆడతానే ఉంది గదా."

కరెంటు పోయిన పది నిమిషాలూ టార్చి పట్టింది ఆయనే.
శ్రీహరి షాఫ్టు వేడి తగ్గకముందే తడిగుడ్డలో చుట్టుకుని పరిగెత్తినాడు.
డబ్బులు మర్చిపొయినాడు, నేనూ అడగలేదు.
పోలయ్య పని ముగిసేసరికి ఆరున్నర,
గడప ముందు అప్పటికే కొత్త ఇనుము.

ఇప్పుడు పలక మీద ప్రతి పేరు పక్కనా
గడిచిన రోజుకో గీత గీస్తా.
మూడు గీతలు దాటితే
బుష్షయినా పుల్లీ అయినా పక్కకి తప్పుకోవాల్సిందే.
భాయ్ ఉంటే ఒప్పుకునేవాడో లేదో,
కూడితే నా మొత్తం ఆయన మొత్తంకన్నా ఎక్కువే వస్తుంది.

నిన్న ఒకాయన టీ గ్లాసుతో వచ్చి
"వరసకి నేను నీకు..." అని మొదలుపెట్టినాడు.
"ఎన్ని గీతలు?" అన్నా.