నిండు గిన్నె

సెంగ్లియాలో మా వీధి మెట్లు మెట్లుగా దిగి
రేవు నీళ్ళలో మోకాళ్ళదాకా నిలబడుతుంది.
పదకొండో మెట్టు దగ్గర ముసలి చెన్సు ఇల్లు.
ముప్ఫై ఏళ్ళు ఓడలకు మేకులు దిగ్గొట్టి
చెవులు రెండూ డాక్‌యార్డుకే ఇచ్చేసిన మనిషి.

అయినా ఆకుపచ్చ చెక్క బాల్కనీలో
ఒక కానరీని పెంచేవాడు. పేరు కప్తాన్.
పాట వినేవాడు కాదు, చూసేవాడు:
ఆ పసుపు గొంతు ఉబ్బి, వణికి, అణగడాన్ని,
కళ్ళద్దాలు తుడుచుకుని మరీ.

మోకాలి ఆపరేషనుకు పోతూ
తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నాకు తొమ్మిదేళ్ళు.
ఇవి కొర్రలు, ఇవి వలిసెలు,
ఇవి జనపగింజలు, నాలుగంటే నాలుగే, ఐదోది కొవ్వు.
ఆదివారం అర బాదంపప్పు, సన్నగా తురిమి.
ఖజానా అప్పగిస్తున్నట్టు చెప్పాడు.

మొదటి రోజు గిన్నె నిండుగా ఉంది.
రెండో రోజూ నిండుగానే ఉంది.
ఎంత పొదుపు పిట్టో అనుకున్నాను.
నీళ్ళు మార్చి, ఒక ఈల వేసి,
కింద బంతాట పిలుస్తుంటే పరుగెత్తాను.
మూడో రోజు కప్తాన్ కొయ్య మీద
ఊలు ఉండలా ముడుచుకుని ఉన్నాడు.
గిన్నె మాత్రం నిండుగానే ఉంది.

ఆ మధ్యాహ్నమే చెన్సు వచ్చేశాడు,
చేతికర్రతో ఒక్కో మెట్టునూ పలకరిస్తూ.
"పాడాడా?" అన్నాడు, వీధంతా వినపడేలా.
తల ఊపాను.
చెవిటివాడికి అబద్ధం చెప్పడానికి నోరు కూడా అక్కర్లేదు.

గిన్నె తీశాడు. కిటికీ దాకా మోశాడు.
ఉఫ్ అన్నాడు.

ఊక లేచింది.
పొట్టు, అంతా పొట్టే, ఎండ నిండా, నా జుట్టు నిండా.
గిన్నె అడుగున తెల్లటి పింగాణీ,
దాని మీద ఒక చిన్న నీలం చేప.
వలుచుకుని, పప్పు తిని, పొట్టు మళ్ళీ అక్కడే వదిలే జాతి.
నాకేం తెలుసు.
ఆ చేపదాకా తవ్వుకుని ఉంటాడు కప్తాన్.

తిట్టలేదు. తిడితే బావుండేది.
అరచేతిలో వలిసెలు పోసి
ఆ చిన్న ముక్కు ముందు పట్టుకుని నిలబడ్డాడు,
కొత్త మోకాలు వణుకుతున్నా కూర్చోకుండా.
రేవులో ఒక ఓడ కూసింది. ఇంకొకటి కూసింది.
చాలాసేపటికి,
టిక్.

ఒక గింజ పగిలిన చప్పుడు.
అతనికి వినపడదు కదా,
నా మొహం చూసి తెలుసుకున్నాడు.