బిస్కెట్ల డబ్బాలో కష్టాలు

షెపర్టన్ లైబ్రరీ వెనకగది. మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
పొద్దంతా బేరిపళ్లు కోసిన వేళ్లు
పెన్సిలు పట్టుకోమంటే వంకర్లు పోతున్నాయి.

గ్లెనిస్ టీచరు బల్ల మీద పాత బిస్కెట్ల డబ్బా పెట్టింది.
మూత తీస్తే వెన్న వాసన, లోపల కష్టాలు:
"పక్కింటి కుక్క రాత్రంతా మొరుగుతుంది."
"స్నేహితురాలి పుట్టినరోజు మర్చిపోయాను."
"మా మేనేజరు నన్ను చూసి నవ్వడు."
కష్టానికొక అట్టముక్క, మూలలు గుండ్రంగా కత్తిరించి,
ఎవరికీ గుచ్చుకోకుండా.

ఒకరు తీసి చదవాలి. తక్కినవాళ్లు సలహా చెప్పాలి.
సలహాలకేం కరువు!
తునిలో మందుల షాపు కౌంటరు వెనక పదకొండేళ్లు
దగ్గుకి మందడిగినవాళ్లకి
అల్లుడితో ఎలా మాట్లాడాలో కూడా కలిపి
పొట్లం కట్టిచ్చినదాన్ని.
చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు.
ఇక్కడ చెప్పడానికే మాట దొరకదు,
లోకువంతా నాదే.

బోర్డు మీద మూడు వరసలు:
యూ షుడ్. వై డోంట్ యూ. ఇఫ్ ఐ వర్ యూ.
మూడోదాని దగ్గర ఆగిపోయాను.
"నేను ఒక్కదాన్ని. నువ్వూ ఒక్కదానివే.
మధ్యలో ఈ 'వర్' ఎందుకు టీచర్?"
గ్లెనిస్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"అది ఎప్పటికీ జరగదు కనక," అంది.
"జరగనివాటికి ఆ మాట."

మ్వామినికి వచ్చిన ముక్క: "నాకు నిద్ర పట్టడం లేదు."
కుర్బాన్ గోరువెచ్చని పాలు తాగమన్నాడు.
సుఖ్‌రాజ్ ఫోను చూడొద్దన్నాడు, తన ఫోను చూస్తూనే.
నజీహా దిండు కింద ఉల్లిపాయ పెట్టాలంది,
'షుడ్' సరిగ్గా పడిందని టీచరు చప్పట్లు కొట్టింది.
మ్వామిని అన్నీ రాసుకుంది, అంకెలేసి.
తర్వాత ముక్కని బోర్లించి
దాని మీద లేనిది చెప్పింది:
"రాత్రి నది దాటుతాను. చెల్లి చెయ్యి పట్టుకునే ఉంటాను.
ఒడ్డు వస్తుంది. నా చెయ్యి ఒక్కటే ఉంటుంది."
నిన్నటిదంతా ఇవాళ్టి క్రియల్లోనే చెప్పింది.
ఎవరూ దిద్దలేదు.

నా వంతు.
బోర్డు మీద మూడు వరసలూ అలాగే ఉన్నాయి.
"అయ్యో తల్లీ" అన్నాను.
అర్థం ఎవరూ అడగలేదు.
బయట లైబ్రరీ మూసే మనిషి తాళాలు ఆడించాడు.

పై మంగళవారం ఆమే ముందు లేచింది:
"పాలు తాగాను. నిద్ర రాలేదు. పాలు బాగున్నాయి."
నవ్వాపుకోలేక కుర్బాన్ బల్ల గుద్దితే డబ్బా పడింది.
మోకాళ్ల మీద కూచుని ఏరాం,
ఎవరికి ఏ కష్టం దొరికితే అది.

సుఖ్‌రాజ్ కారు కోసం నిలబడి
లోపల్లోపల తెలుగులో అనుకుని చూశాను:
నేను నువ్వయితే.
మా 'అయితే'కి ఆ తేడా తెలియదు టీచర్,
జరిగేదీ జరగనిదీ ఒకే గుమ్మంలోంచి వస్తాయి.
వానొస్తే. నేను రాణినైతే. కారొస్తే.
కారొచ్చింది కూడా.
దిగేటప్పుడు మ్వామిని అరచేతిలో నా నంబరు రాశాను.
"నో స్లీప్, ఫోన్ మీ."
షుడ్ లేదు. వర్ లేదు.

రెండుంపావుకి మోగింది.
ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే గుప్పెడు,
ఐదు నిమిషాల్లో అయిపోయింది.
తర్వాత ఆమె ఊపిరి, నా ఊపిరి,
అటువైపు ఎక్కడో ఒక కుక్క, ఆపకుండా.
"పక్కింటిదా?"
"అవును."
"యూ షుడ్..." అన్నానో లేదో
అప్పటికే అటు నవ్వు.