రేపు అంటే ఏ రేపు

మాదాపూర్‌లో ఆరో అంతస్తు.
ఊరి కబుర్ల ఫీడ్ ఒకటి కట్టాను నేను.
నీళ్లు, కరెంటు కోత, దారి మళ్లింపు, తప్పిపోయినవాళ్లు.
ఒక్కో కబురుకీ ఒక డబ్బా, డబ్బాలో డబ్బా,
అన్నిటి పేరూ డివ్.
నీడలు దిద్దాను, మూలలు గుండ్రం చేశాను.
చూసినవాళ్లంతా బాగుందన్నారు.

నెల తిరిగాక
మొఘల్‌పురా నుంచి రెండు బస్సులు మారి
మొహియుద్దీన్ భాయ్ వచ్చాడు.
తెరకేసి మొహం కూడా తిప్పలేదు.
చెవిలో చదివిపెట్టే గొంతుని
మనకైతే రేకుల మీద వడగళ్లలా వినపడే వేగంతో వింటాడు.
కాసేపటికి ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఛత్తాబజార్ల పెండ్లికార్డు అచ్చేసే పోరనికి గూడ ఎరుక బేటా,
ఏడ పేరు, ఏడ తారీఖు, ఏడ ఫంక్షన్ హాలు.
నీ దాంట్ల నీళ్ల ముచ్చట యాడ ఒడిసిందో
కరెంటు ముచ్చట యాడ షురువైందో తెల్వదు.
ఇంకోటి.
'రేపు నీళ్లు రావు' అని మంగళారం పెట్టినవు.
నేను బేస్తారం విన్న.
ఇంట్ల ఉన్న గిన్నెలన్ని నింపినం,
మా బీవీ చాయ్ గ్లాసులు గూడ ఇడిశిపెట్టలే.
శుక్రారం నల్లా దబదబ వచ్చింది."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి డబ్బాలు విప్పాను.
ఒక్కో కబురూ ఒక ఆర్టికల్, దాని నెత్తిన దాని శీర్షిక.
'రేపు'కి టైమ్ ట్యాగు తొడిగి
లోపల తారీఖు కుట్టాను,
పైకి కనపడకుండా చీరకి ఫాల్ కుట్టినట్టు.
తెర మీద వెంట్రుకవాసి మారలేదు.
ఈ పనికి ఎవరూ బాగుందనరు.

తప్పిపోయినవాళ్ల దగ్గర ఆగాను.
ఫొటో పేరు ఐఎంజీ నాలుగు సున్నా ఏడు రెండు.
ఇన్నాళ్లూ మనిషికి బదులు
భాయ్ చెవిలో పడింది ఆ అంకెలే.
ఆల్ట్‌లో రాశాను:
అరవై దాటిన మనిషి, గళ్ల చొక్కా,
ఎడమ చేతికి స్టీలు కడియం.

పొద్దున విని ఫోన్ చేశాడు.
కొంచెంసేపు ఏమీ అనలేదు.
"నవ్వుతున్నడా?"

కడియం చూశాను, గళ్లు చూశాను,
మొహం చూడలేదు నేను.
మళ్లీ తెరిచాను.

"నవ్వబోతున్నాడు భాయ్, ఇంకా నవ్వలేదు.
పక్కన ఇంకెవరిదో భుజం ఉంది,
కత్తిరించేశారు."

"రాయి మరి," అన్నాడు.