ఎనభై రెండో అధ్యాయం

యాలు నది మీద సగం వంతెన ఒకటుంది.
బాంబు పడ్డ చోట ఆగిపోయి
ఇప్పటికీ ఆవలి ఒడ్డుకేసి చూస్తుంటుంది.
పక్కనే రెండోది, పనిచేసేది.
దాని మొదట్లో, దాన్‌దోంగ్ కస్టమ్స్ షెడ్డులో
రాత్రి డ్యూటీ నాది.

నా పేరు తాక్ సున్‌నే. పుట్టింది యెన్‌జీలో.
ఇంట్లో మాట్లాడేది నది అవతలి భాష,
వేసుకున్నది ఇవతలి యూనిఫాం.

నవంబరు చివర. ట్రక్కు నిండా అట్టపెట్టెలు,
సారివోన్ పిల్లల ఆసుపత్రికి.
గజ్జి లేపనం, కట్టుగుడ్డలు, సబ్బులు.
అన్నిటికీ మినహాయింపు పత్రం ఉంది,
న్యూయార్క్‌లో పదిహేను దేశాలు తలూపిన పత్రం.
ముప్ఫై ఏడో పెట్టెలో మాత్రం
రెండు వందల నెయిల్ కట్టర్లు.

జాబితాలో లేవు.
ఇనుము కదా. ఎనభై రెండో అధ్యాయం:
పనిముట్లు, కత్తులు, చెంచాలు.
"ఎందుకివి?" అన్నాను.
డ్రైవరు ఓక్ తేసోప్ జేబులోంచి
డాక్టరమ్మ చీటీ తీశాడు. నాలుగు మడతలు.
'అరవై మంచాలు. పిల్లలు నిద్రలో గీరుకుంటున్నారు.
గోళ్ళు తీస్తే పుండ్లు మానుతాయి.'
అంతే రాసింది. బతిమాలడాలు లేవు.

నేనేమీ అమాయకురాల్ని కాను.
నిరుడు ఇదే షెడ్డులో, సబ్బుపొడి బస్తాల కింద
ప్రెషర్ గేజీలు పట్టుకున్నది నేనే.
పసిబిడ్డల్ని చుట్టినట్టు మెత్తటి గుడ్డల్లో చుట్టారు.
అవి ఏ గొట్టానికి బిగించేవో చెప్పడానికి
బీజింగ్ నుంచి ఇద్దరొచ్చారు,
చెప్పకుండానే వెళ్ళారు.
ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

ఇంకా వెనక్కి వెళితే, ఒక జనవరి.
మా అక్క కూతురు పరీక్ష రాస్తుంటే
బల్ల దానంతటది జరిగింది.
నదికి అటు, కొండ కడుపులో వాళ్ళు పేల్చింది
ఇటు పిల్లల పాదాల్లోకి వచ్చింది.
కోట్లు లేకుండా మంచులోకి పరుగెత్తారు.
ఆ పిల్ల ఇప్పటికీ ఏ బల్ల ముందు కూచున్నా
ముందు ఎడమచేత్తో దాన్ని అదిమి పట్టుకుంటుంది.
అందుకని చట్టం వద్దని నేననలేను.
అనను.

కానీ, గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారే,
ఇక్కడ గొడ్డలి దాచుకున్నవాడి జోలికి పోలేక
గోటి మీదికొచ్చాం.
తలూపిన పదిహేను మందిలో అయిదుగురి ఇళ్ళల్లో
అలాంటి గొడ్డళ్ళే, నూనె రాసి, పదును పెట్టి.
ఇది నేను పైకి అన్న మాట కాదు.
షెడ్డులో కెమెరా ఉంది.

మళ్ళీ అర్జీ పెట్టించమన్నాను.
నాలుగు నెలలు పట్టొచ్చన్నాను.
"నాలుగు నెలల్లో గోరెంత పెరుగుతుంది?"
వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని
తన వేళ్ళ వైపే చూసుకుంటూ అడిగాడు.
నాకు తెలీదు. ఫారంలో ఆ గడి లేదు.

పెట్టె దింపాం. విప్పి లెక్కపెట్టాలి, నియమం.
చలికి కొయ్యబారిన నాలుగు చేతులు,
ఒక్కొక్కటి తీసి గంపలో వేస్తుంటే
సన్నగా, చిల్లర చప్పుడు.
నూట తొంభై తొమ్మిది అని రాశాను.
ముద్ర వేశాను.
ఓక్ తేసోప్ ట్రక్కెక్కుతూ
చీటీ ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.
అప్పుడు నేను కెమెరాకి అడ్డంగా నిలబడి ఉన్నాను.
ఎంతసేపటి నుంచో.

వంతెన మీద ఎర్రదీపాలు కనుమరుగయ్యాక
చట్టాన్ని ఎంత దాటానో తూచుకున్నాను.
ముప్ఫై గ్రాములుంటుందేమో.
కాస్త గర్వంగా కూడా ఉంది, దాచడమెందుకు.

తెల్లారి ఇంటికెళ్ళి
వేణ్ణీళ్ళల్లో చేతులు పెట్టినప్పుడు తట్టింది:
అరవై మంచాలకి ఒకే కట్టర్.
ఒకరి గజ్జి ఇంకొకరి వేలికి.
ప్రతిసారీ మరగబెట్టాలి,
పొయ్యిలో నిప్పుంటే.
ఆ చీటీ వెనకాలైనా
ఈ ఒక్క మాట రాసివ్వాల్సింది.